వద్దన్న మూడో బిడ్డకు మళ్ళీ పిలుపు

ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ చూసినా తలకిందులుగా గీసిన ఎర్ర త్రికోణం ఉండేది. పక్కనే పెద్ద అక్షరాలతో నినాదం: ఒక్కరు ముద్దు, ఇద్దరు హద్దు, ముగ్గురు వద్దు. అప్పుడే చదవడం వస్తున్న పిల్లలు కూడబలుక్కుంటూ పైకి చదివే రాతల్లో అదొకటి. చదివేవాడే ఆ ఇంట్లో నాలుగోవాడు కావడం కూడా మామూలే. ఇప్పుడు తిరుపతిలో ఆసుపత్రుల వీధుల్లో నడిస్తే కంటబడేవి సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు.

గోడలతో పాటు చట్టమూ మారింది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీసేసింది. అంతకు నెల ముందే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని బహిరంగంగా చెప్పారు. ఆయన నారావారిపల్లెలో పుట్టారు, 1978లో చంద్రగిరి నుంచి తొలిసారి ఎమ్మెల్యే అయ్యారు, 1989 నుంచి కుప్పం ఎమ్మెల్యేగా ఉన్నారు. 1997లో రాష్ట్రం జనాభా తగ్గించడానికి ప్రత్యేక విధానం తెచ్చినప్పుడు కూడా ముఖ్యమంత్రి ఆయనే. అప్పుడు తగ్గించమన్న నోటితోనే ఇప్పుడు పెంచమంటున్నారని నవ్వుకోవడం తేలిక. తేల్చుకోవాల్సింది మాత్రం వేరే ఉంది. అప్పుడు జనం పిల్లల్ని తగ్గించుకున్నది ప్రభుత్వం చెప్పినందుకేనా? అందుకే అయితే ఇప్పుడు చెప్పినా వింటారు. కాకపోతే?

ముందు లెక్క. ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎంతమంది బిడ్డల్ని కంటుందో చెప్పేదాన్ని సంతానోత్పత్తి రేటు అంటారు. అది 2.1 దగ్గర ఉంటే తల్లిదండ్రులిద్దరి స్థానంలోకి ఇద్దరు వస్తారు, తరం తరానికి సరిపోతుంది. ఆ పైచిల్లర పెద్దయ్యేలోగా చనిపోయే పిల్లల కోసం, మగపిల్లలు కాస్త ఎక్కువ పుడతారు కాబట్టి దాని కోసం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ రేటు 2.6. 1998-99కి 2.25 అయింది. 2005-06కి 1.8కి దిగింది. 2019-21 నాటికి ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1.7. అదే సమయంలో దేశం మొత్తానికి 2.0. అంటే రాష్ట్రం 2.1 గీత దాటి కిందికి దిగి ఇరవై ఏళ్ళు దాటింది.

ఈ అంకెల పక్కన చట్టాల తేదీలు పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. ఇద్దరు పిల్లల నిబంధన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోది, 1995 నుంచి అమలైంది. అప్పటికే రేటు 2.6కి దిగి, ఇంకా జారుతోంది. 2005-06కి ఆ నిబంధనతో ఇక పనే లేదు. అయినా మరో పద్దెనిమిదేళ్ళు అది పుస్తకంలో ఉంది. ఆ మధ్యలో జరిగిన ప్రతి పంచాయతీ ఎన్నికలో సర్పంచి కావాలనుకున్నవాళ్ళ పిల్లల్ని లెక్కపెట్టింది. ఇలాంటి నిబంధన చెల్లుతుందని 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇది అమలైన రాష్ట్రాల్లో మూడో బిడ్డను బంధువులకు దత్తత ఇచ్చినట్లు కాగితాలు పుట్టించడం, పుట్టిన తేదీ మీద కోర్టులకెక్కడం లాంటివి చాలానే జరిగాయి. విచిత్రం ఏమిటంటే ఎమ్మెల్యేకు, ఎంపీకి ఈ నిబంధన లేదు. వార్డు మెంబరు ముగ్గుర్ని కనకూడదు, ఆ వార్డు మెంబరు కోసం చట్టం రాసే ఆయన ఎంతమందినైనా కనొచ్చు.

నిబంధన వల్ల కాకపోతే మరి రేటు ఎందుకు తగ్గింది? ఇక్కడే ఆంధ్ర కథ కేరళ కథ నుంచి విడిపోతుంది. కేరళలో ఆడపిల్లలు చదువుకున్నారు, పెళ్ళి ఆలస్యమైంది, పిల్లలు తగ్గారు. ఈ వరస అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 1991లో ఆడవాళ్ళ అక్షరాస్యత నూటికి 33 కూడా లేదు. పెళ్ళిళ్ళు తొందరగానే అయ్యేవి. ఇప్పటికీ ఆ అలవాటు పూర్తిగా పోలేదు: 2019-21 సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిపోయింది. చదువు లేదు, పెళ్ళి వయసు పెరగలేదు, అయినా పిల్లలు తగ్గారు. జనాభా శాస్త్రం చదివినవాళ్ళకు ఇది చాలాకాలం చిక్కు ప్రశ్న. జవాబు మాత్రం ప్రతి ఊళ్ళో ఒక్క మాటలో ఉంది. ఆపరేషన్.

క్యాంపు రోజు ఎలా ఉండేదో నలభై దాటిన ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మంటారు. ఊళ్ళకు తిరిగే నర్సు, ఏఎన్‌ఎం, ఊళ్ళోంచి నలుగురైదుగురిని వెంటబెట్టుకుని వస్తుంది. ఒక్కొక్కరితో ఒక చంటిబిడ్డ, ఆ బిడ్డను ఎత్తుకోవడానికి ఒక అమ్మ. బీపీ చూసి, రక్తం తీసి, వరండాలో వరసగా కూర్చోబెడతారు. లోపల డాక్టరు బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, లాపరోస్కోపు దించి, అండాలు దిగే రెండు గొట్టాలకూ రింగులు వేస్తాడు. ఒక్కొక్కరికి పట్టేది నిమిషాలే. తర్వాత మత్తు దిగేదాకా చాపల మీద పడుకోబెడతారు. మొగుడు బయట టీ అంగట్లో ఉంటాడు. సాయంత్రానికి చేతికి కొంత డబ్బు, ఒక కాగితం, వారం పాటు బరువులు ఎత్తొద్దన్న మాట. ఆ మాట ఎవరూ పెద్దగా పాటించరు, ఎందుకంటే ఇంట్లో నీళ్ళ బిందె ఆమే ఎత్తాలి. ఈ క్యాంపుల తీరు ఎంత ప్రమాదమో 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో పదిమందికి పైగా ఆడవాళ్ళు చనిపోయినప్పుడు దేశానికి తెలిసింది. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో క్యాంపులు మాన్పించాలని చెప్పింది.

2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. దేశంలో ఇంత శాతం మరే రాష్ట్రంలోనూ లేదు. మగవాళ్ళలో చేయించుకున్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. చాలామంది ఆడవాళ్ళకు ఆ పని ఇరవై ఐదేళ్ళు నిండకముందే అయిపోతుంది. పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవైకి ఒకరు, ఇరవై రెండుకు మరొకరు, రెండో కానుపుతో పాటే ఆపరేషన్. ఇంకా ఉద్యోగం వెతుక్కునే వయసులోనే పిల్లల్ని కనడమనే అధ్యాయం ముగిసిపోతుంది.

మగవాళ్ళు ఈ లెక్క నుంచి ఎలా తప్పుకున్నారన్నదానికి 1976 దాకా పోవాలి. 1952లో కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా మొదలుపెట్టిన తొలి దేశం మనది. మొదట్లో అది క్లినిక్కుల్లో సలహాలు చెప్పడం. 1965లో గర్భసంచిలో పెట్టే లూప్ వచ్చింది, 1968లో నిరోధ్ వచ్చింది, ఆ కాలంలోనే ఇన్ని ఆపరేషన్లు చేయించాలన్న టార్గెట్లూ వచ్చాయి. ఆ రోజుల్లో ఎక్కువగా జరిగింది మగవాళ్ళకు చేసే వేసెక్టమీయే. చిన్న పని, ప్రమాదం తక్కువ. ఎమర్జెన్సీలో దాన్ని పోలీసు పని చేశారు. 1976-77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 60 లక్షలకు పైగా మగవాళ్ళకు ఆపరేషన్లు చేశారు. ఉత్తరాదిలో ఆ కోపం ఇందిరాగాంధీ ప్రభుత్వాన్నే కూల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1977లో కాంగ్రెస్ 42 లోక్‌సభ సీట్లలో 41 గెలిచింది. ఇక్కడ బలవంతం లేదని దీనర్థం కాదు, ఓటుకు అదొక్కటే కారణం కాలేదని మాత్రమే. ఆ ఎన్నిక తర్వాత ఏ పార్టీకీ మగవాడి జోలికి పోయే ధైర్యం లేకపోయింది. కుటుంబ నియంత్రణ పేరు కుటుంబ సంక్షేమంగా మారింది. టార్గెట్లు అలాగే ఉన్నాయి, అవి ఆడవాళ్ళ మీదికి మళ్ళాయి.

అలాగని ఆడవాళ్ళు గొర్రెల్లా తోలుకుపోబడ్డారనుకుంటే పొరపాటు. టార్గెట్ల పద్ధతిని కేంద్రం 1996లో ఎత్తేసింది. అయినా ఆపరేషన్లు ఆగలేదు. ఆగకపోవడానికి కారణం ఇళ్ళలో ఉంది. పాత చిత్తూరు జిల్లాలో ఒక వర్షాధారపు పల్లెను ఊహించుకోండి. అవ్వకు ఎనిమిది కానుపులు, బతికింది ఐదుగురు. ఆమె కోడలికి ఇద్దరు, ఇద్దరూ బతికారు. వేరుశనగ పండక ఐదెకరాలూ పడావు పెట్టుకున్న కుటుంబానికి మేకలు కాసే చేతుల కంటే, ఇంగ్లిషు మీడియం బడికి పోయే ఒక్క పిల్లవాడు మేలనిపించాడు. టీకాలు వచ్చి బిడ్డలు బతుకుతారన్న నమ్మకం కుదిరింది. పొలం పంచుకోవడానికి మిగల్లేదు. ఆపరేషన్ దగ్గర్లో దొరికింది, ఉచితంగా దొరికింది. కోడలు తనంతట తానే ఏఎన్‌ఎంను అడగడం మొదలుపెట్టింది. ప్రభుత్వం చేసింది దారి చూపడం, పైగా ఒకే దారి చూపడం. మాత్రలో, కాపర్ టీయో, కొంతకాలం ఆపి మళ్ళీ కనే పద్ధతో వాళ్ళ చేతికి సరిగ్గా అందలేదు. ఇప్పుడు విధానం తిరగబడ్డప్పుడు ఇదే అడ్డంకి. ముగ్గుర్ని కనమన్న పిలుపు రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి చేరినా ప్రయోజనం లేదు. గొట్టాలను తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది. సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు తమిళనాడు ప్రభుత్వం దాన్ని ఉచితంగా చేయించింది కూడా. కానీ అది అందరికీ ఫలించేది కాదు. పోయిన బిడ్డ కోసం చేయించుకుంటారేమో గానీ, ముఖ్యమంత్రి అడిగారని ఎవరు చేయించుకుంటారు?

ఇంత తగ్గినా జిల్లా జనాభా పెరుగుతూనే వచ్చింది కదా అనే సందేహం రావచ్చు. పాత చిత్తూరు జిల్లాలో 1991లో 32.6 లక్షలు, 2001లో 37.5 లక్షలు, 2011లో 41.7 లక్షల మంది. 1981-91 మధ్య పెరుగుదల నూటికి 19, తర్వాత పదేళ్ళలో 15, ఆ తర్వాత 11. పైన చెప్పిన అవ్వ ఇంటినే మళ్ళీ చూడండి. ఐదుగురు బతికారు, ఐదుగురికీ ఇద్దరిద్దరు. ప్రతి జంటా తమ స్థానంలో ఇద్దర్నే ఇచ్చింది, అయినా మనవళ్ళు పదిమంది అయ్యారు, అవ్వ కూడా ఇంకా బతికే ఉంది. పెరుగుదల ఆగడానికి ఆ పదిమంది కూడా పెద్దయి, ఇద్దరికి మించకుండా కనాలి. అంటే విధానం ఫలితం కంటికి కనబడేసరికి ముప్పై, నలభై ఏళ్ళు. ఆ మధ్యకాలంలో ఏ ప్రభుత్వమైనా పెరుగుతున్న మొత్తాన్ని చూసి భయపడుతుంది, తగ్గుతున్న రేటును చూడదు.

1876లో ధాత నామ సంవత్సరపు కరువు రాయలసీమను, మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసినప్పుడు సమస్య దీనికి పూర్తిగా ఎదురు. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911కీ 1921కీ మధ్య, ఇన్‌ఫ్లుయెంజా దెబ్బకు దేశ జనాభాయే కాస్త తగ్గింది. ఎనిమిదిమందిని కనడం మూర్ఖత్వమేమీ కాదు, ఎంతమంది మిగులుతారో తెలియని రోజుల లెక్క అది.

ఇప్పటి భయం ముసలితనం గురించి. అందులో నిజం ఉంది. 2011లో దేశంలో అరవై దాటినవాళ్ళు నూటికి 8 మందికి పైగా ఉంటే, 2036కి దాదాపు 15 మంది అవుతారని ప్రభుత్వ నిపుణుల బృందం అంచనా. సంతానోత్పత్తి ముందే తగ్గిన దక్షిణాదిలో ఇది ఇంకా ఎక్కువ ఉంటుంది. పల్లెల్లో దీన్ని చూడాలంటే ఒకటో తారీఖు పొద్దున్నే పోవాలి. సచివాలయం ఉద్యోగి పెన్షన్ డబ్బుతో వీధిలోకి వస్తాడు. 2024 జులై నుంచి వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు. ఒక్కో అరుగు మీద ఒక్కో ముసలాయన, ముసలామె. వేలిముద్ర అరిగిపోయి మెషిన్ తీసుకోకపోతే రెండోసారి, మూడోసారి పెట్టిస్తాడు. ఆ ఇళ్ళ వెనక గదులకు తాళాలుంటాయి. పిల్లలు లేక కాదు, ఉన్నారు. బెంగళూరులో, చెన్నైలో, కువైట్‌లో, అమెరికాలో.

అదే ఊళ్ళో బడికి పోతే ఒకటి నుంచి ఐదు దాకా కలిపి పదిహేనుమంది కూడా లేని గదులు కనిపిస్తాయి. 2022లో 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలిపిన జీవో 117 మీద ఎంత గొడవ జరిగిందో తెలిసిందే. తర్వాతి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. జీవో ఏదైనా బడిలో పిల్లలు తగ్గడానికి రెండు కారణాలు: ప్రైవేటు బస్సు ఊళ్ళోకి రావడం ఒకటి, అసలు పిల్లలే తక్కువ పుట్టడం రెండోది. మొదటిదాని మీద అందరూ మాట్లాడతారు. రెండోదాన్ని బడి రిజిస్టరు ఎప్పటినుంచో చెబుతూనే ఉంది.

పిలుపులతో పిల్లలు పుడతారా అన్నదానికి మనకంటే ముందు వెనక్కి తిరిగిన దేశాలున్నాయి. సింగపూర్ 1970లలో ఇద్దరితో ఆపమని గట్టిగా చెప్పింది, మూడో బిడ్డ నుంచి సౌకర్యాలు కోసింది. 1987లో ప్లేటు ఫిరాయించి, స్తోమత ఉంటే ముగ్గుర్ని, అంతకంటే ఎక్కువమందిని కనమంది. బోనసులు, పన్ను రాయితీలు అన్నీ ఇచ్చింది. 2023లో అక్కడ రేటు ఒకటికి కూడా దిగువన, 0.97. చైనా ఒక్కరే అన్న నిబంధనను 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి సడలించింది. 2022 నుంచి దాని జనాభా తగ్గడం మొదలైంది. దక్షిణ కొరియాలో 2023లో 0.72. తగ్గించడానికి ప్రభుత్వాల చేతిలో పనిముట్లు ఉండేవి, ఎందుకంటే జనం అప్పటికే అటే నడుస్తున్నారు. పెంచడానికి జనం వెళ్తున్న దారికి ఎదురెళ్ళాలి.

ఈ కథకు తిరుపతి జిల్లాలోనే ఒక కొస ఉంది. సత్యవేడు దాటి తడ వైపు పోతే శ్రీసిటీ పారిశ్రామికవాడ. ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు అక్కడ ఉన్నాయి. 2025 మేలో కొరియా కంపెనీ ఎల్‌జీ అక్కడే ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. పనిచేసే వయసువాళ్ళు తగ్గిపోతున్న దేశాల పెట్టుబడికి మన ఇరవై ఏళ్ళ పిల్లలు కావాలి. షిఫ్టు బస్సులు దిగేవాళ్ళలో ఆడపిల్లలు చాలామంది. హాస్టల్లో ఉంటారు, ఇంటికి డబ్బు పంపుతారు, పెళ్ళి రెండేళ్ళు వాయిదా వేస్తారు. ఆ అమ్మాయి ముగ్గుర్ని కనాలంటే ఎవరు చూసుకుంటారు, షిఫ్టు సంగతేమిటి, ఫీజులెవరు కడతారు? ప్రభుత్వ ఉద్యోగినులకు ఎంతమంది పిల్లలున్నా ప్రసూతి సెలవు ఇస్తామని 2025లో ప్రకటించారు. మంచిదే. కానీ ప్రభుత్వ ఉద్యోగం ఉన్న ఆడవాళ్ళు ఎంతమంది? ఫ్యాక్టరీ లైనులో నిలబడే అమ్మాయికి కావలసింది దగ్గర్లో నమ్మకమైన శిశు సంరక్షణ కేంద్రం. దాని గురించి ప్రసంగాల్లో వినబడేది తక్కువ. ఎల్‌కేజీ ఫీజు కట్టడానికి టెన్షన్ పడే జంటకు మూడో బిడ్డ దేశసేవగా కనిపించదు.

అసలు ఇంత హడావుడి ముసలివాళ్ళ కోసమే కాదని అందరికీ తెలుసు. సీట్ల లెక్క కూడా ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 జనాభా దగ్గర ఆపేశారు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది ఉద్దేశం. 2001లో ఆ గడువు అయిపోతే 84వ సవరణతో 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా పొడిగించారు. కరోనా వల్ల 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడి, ఇప్పుడు 2027 మార్చి 1 తేదీగా ఖరారయ్యాయి. డబ్బు పంపకంలో అయితే, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాను తీసుకుని, పిల్లల్ని తగ్గించుకున్న రాష్ట్రాలకు ఊరటగా నూటికి 12.5 మార్కులు విడిగా ఇచ్చింది. దక్షిణాది మాట వినిపిస్తున్నది అందుకే: చెప్పిన పని చేసినందుకు శిక్షా? ఆ కోపం న్యాయమైనదే. దానికి మందు మాత్రం కాన్పుల గదిలో లేదు, పార్లమెంటులో ఉంది. ఇవాళ పిలుపు విని కన్న బిడ్డలు 2027 లెక్కల్లో సీట్లను మార్చేటంతమంది ఉండరు.

ఇంకొక చిక్కు ఉంది. జనాభా లెక్కల్లో మనిషిని పుట్టిన ఊళ్ళో కాదు, అప్పుడు ఉంటున్న చోట రాస్తారు. కుప్పం నుంచి పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చేవాడు ఆంధ్రప్రదేశ్ లెక్కలోకి వస్తాడు. రోజూ తిరగలేక అక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని, భార్యను, ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయినవాడు కర్ణాటక లెక్కలోకి పోతాడు. మూడో బిడ్డ పుడితే ఆ బిడ్డ కూడా అక్కడికే. పలమనేరు పక్క పల్లెలో వాళ్ళింటికి లెక్కలవాళ్ళు వస్తే, తలుపు తీసి చెప్పడానికి ఇద్దరు ముసలివాళ్ళ పేర్లే ఉంటాయి.